ఒంటిచేత్తో బిగించే పట్టీ

కుక్క పట్టీ కోసం ఏ దుకాణానికి వెళ్లినా నేను మొదట అడిగేది ఒకటే. "దీన్ని ఒక చేత్తో పెట్టొచ్చా?" దుకాణంలో మనిషి ముందు నా ముఖం చూస్తాడు, తర్వాత నా కుడి భుజం కింద మడిచి కుట్టించిన చొక్కా చెయ్యి చూస్తాడు. "ఎందుకు పెట్టరాదు సార్, మంచిగ పెట్టొచ్చు" అంటాడు. అని, తన రెండు చేతులతో పెట్టి చూపిస్తాడు.

నేను లైన్‌మన్‌గా పనిచేసేవాణ్ణి. ఇరవై తొమ్మిదో ఏట, ఏన్కూరు దగ్గర ఒక ఊరి బయట స్తంభం మీద ఉండగా, సప్లై ఆపిన లైనులోకి ఎవరింట్లోనో నడుస్తున్న జనరేటర్ నుంచి కరెంటు వెనక్కి వచ్చింది. తెలివి వచ్చేసరికి ఖమ్మంలో దవాఖానా మంచం మీద ఉన్నాను. నడుముకు కట్టుకున్న బెల్టు వల్లే కింద పడలేదనీ, దింపేదాకా దానికే వేలాడుతూ ఉన్నాననీ తోటివాళ్లు తర్వాత చెప్పారు. కుడిచెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. అప్పటికే నాకు పెళ్లి ఖాయమై ఉంది. అమ్మాయి తరఫువాళ్లు ఒకసారి బత్తాయిలు పట్టుకుని వచ్చారు, చాలాసేపు కూర్చున్నారు, వెళ్లారు. మళ్లీ రాలేదు. వాళ్లను నేనేమీ అనుకోలేదు. అనుకోలేదని ఇంతమందితో చెప్పానంటే, కొంత అనుకునే ఉంటాను.

తర్వాత నన్ను జూలూరుపాడులో ఆఫీసు పనికి మార్చారు. ఫోను ఎత్తడం, ఫిర్యాదు రాసుకోవడం, లైను మీద ఉన్నవాళ్లకు చెప్పడం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎంతమందితో మాట్లాడతానో లెక్క ఉండదు. "కరెంటు ఎప్పుడొస్తది సారూ?" "మోటరు కాలింది సారూ." "ట్రాన్స్‌ఫార్మర్ కాడ మంటలొస్తున్నయి సారూ." ఆఫీసు నుంచి గదికి వచ్చాక మర్నాడు పొద్దున దాకా నాతో ఎవరూ మాట్లాడరు. నేను కిరాయికి ఉన్నది ఊరి చివర గదుల వరసలో. వెనక గోడ దాటితే పత్తి చేలు, చేలు దాటితే వాన మీదే పండే చెలక, ఆ తర్వాత అడవి.

కుక్కపిల్ల వానాకాలంలో వచ్చింది. మామూలు ఊరకుక్క, ఎర్రమట్టి రంగు. నా గది మెట్టు కింద తడవకుండా పడుకుంది, వాన వెలిసినా వెళ్లలేదు. పేరు పెట్టలేదు. పేరు పెట్టి పిలుస్తుంటే గదిలో ఒక్కణ్ణే మాట్లాడుతున్నట్టు నాకే వినబడుతుందని అనిపించింది. "ఏమే" అంటే వచ్చేది. అదే అలవాటయింది.

దాన్ని కట్టి ఉంచాలని మొదటి రోజే నిర్ణయించుకున్నాను. పక్కింటివాళ్లు నవ్వారు. ఊరకుక్కను ఎవరు కడతారు? కానీ ఈ చేల సంగతి నాకు తెలిసినట్టు వాళ్లకు తెలియదు. అడవి పందులు పంట మీద పడతాయని కొందరు చేను చుట్టూ సన్న తీగ లాగి, లైనుకు కొక్కెం తగిలించి కరెంటు ఇస్తారు. తెల్లవారాక తీయడం మరిచిపోతారు. స్తంభాలెక్కే రోజుల్లో అలాంటి తీగలు తీయడానికి నేను చాలాసార్లు వెళ్లాను. తీగ పక్కన పందులు పడి ఉండేవి. ఒకసారి మేకలు కాసే మనిషి కుక్క పడి ఉంది. ఆ మనిషి దాని పక్కనే కూర్చుని ఉన్నాడు, మేము వచ్చి తీగ చుట్టి తీసుకెళ్లేదాకా లేవలేదు. అందుకే చివరి ఇల్లు దాటితే కుక్క మెడకు తాడు, ఆ తాడు రెండో కొస నా చేతిలో ఉండి తీరాలి.

మొదట నాకు తోచింది దూడలకు కట్టే నైలాన్ పలుపు. ముడి వేయడం ఒక చేత్తో, పళ్లతో నేర్చుకున్నాను. విప్పి మళ్లీ వేయడం కష్టమని, ఒకసారి వేసిన ముడిని అలాగే ఉంచాను. పిల్ల పెరిగింది. మెడ పెరిగింది. ముడి పెరగలేదు. నెలన్నర తర్వాత దాని దగ్గర ఏదో వాసన వస్తోందని పశువుల దవాఖానాకు తీసుకెళ్తే, అక్కడి మనిషి బొచ్చు పక్కకు తీసి చూపించాడు. తాడు తోలు కోసుకుని లోపలికి దిగింది. కత్తెరతో కత్తిరించి, మెల్లగా ఊడదీశాడు. కుక్క అరవలేదు. నా మోకాలికి తల ఆనించి నిలబడింది.

"రోజు దువ్వుతనే ఉన్నవు గదన్నా, చూసుకోలే?" అన్నాడు.

"చూసుకోలే."

"పట్టీకీ మెడకూ నడుమ రెండు వేళ్లు దూరాలె. పిల్ల పెరిగే దినాలల్ల వారానికోసారి చూడాలె. ఇగ సన్న తాడు మాత్రం ఎన్నడూ కట్టకు. ఎడల్పుగుండాలె."

ఆ మాట అతను మామూలుగానే అన్నాడు. నేను మాత్రం ఆ సాయంత్రం అన్నం తినలేకపోయాను. ఒక పరికరాన్ని రోజూ వాడుతూ ఒక్కసారి కూడా తనిఖీ చేయకపోవడం మా పనిలో పెద్ద తప్పు. ఇంకెవరైనా ఆ తప్పు చేస్తే నేనే ఏకిపారేసేవాణ్ణి.

పుండు మానాక సంతలో వెడల్పాటి తోలు పట్టీ, ఇనుప గొలుసు కొన్నాను. తోలు పట్టీని మోకాలి కింద నొక్కిపెట్టి, బకిల్ సూది పట్టీ రంధ్రంలోకి వెళ్లేదాకా ఒక చేత్తో తంటాలు పడేవాణ్ణి. కుక్కకు ఓపిక ఎక్కువ. గొలుసు మాత్రం నాకు నచ్చింది, బలంగా కనిపించింది. చేతిలోంచి జారిపోతుందేమోనని అరచేతి చుట్టూ రెండు చుట్లు తిప్పుకుని పట్టుకునేవాణ్ణి.

అలా రెండేళ్లు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున, పత్తి ఏరే రోజుల్లో, చేల గట్టు మీద నడుస్తుంటే కోతుల గుంపు దిగింది. కుక్క ఒక్క ఉరుకు ఉరికింది. గొలుసు నా చేతి చుట్టూ బిగుసుకుంది. నేను బోర్లా పడ్డాను. ఆపుకోవడానికి రెండో చెయ్యి లేదు కాబట్టి ముఖం మీదే పడ్డాను. వేళ్లలో ఏదో విరిగిన చప్పుడు నాకే వినబడింది. చుట్లు విడిపోయాయి. కుక్క గొలుసు ఈడ్చుకుంటూ చేలోకి పోయింది.

లేచి దాని వెంట పడ్డాను. పత్తి ఏరుతున్న ఆడవాళ్లలో ఒక పెద్దావిడ వంగి ఉన్నదల్లా లేచి, ఏమీ అరవకుండా, పక్కనుంచి పోతున్న గొలుసు మీద కాలు వేసి నిలబడింది. కుక్క ఆగిపోయింది. ఆమె తండా నుంచి పనికి వచ్చిన మనిషి. కుక్కతో తన భాషలో ఏదో అంది. అది కూర్చుంది.

నేను దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాను, గొలుసు అందుకుందామని. ఆమె నా చెయ్యి చూసింది. నడిమి వేలు, ఉంగరపు వేలు పక్కకు తిరిగి ఉన్నాయి.

"గొలుసు సుట్టుకున్నవా బిడ్డా?"

"అవ్. ఉన్నది ఒక్క చెయ్యే గదమ్మా, జారిపోతదని సుట్టుకున్న."

"ఉన్నది ఒక్కటే అయితే అసలే సుట్టుకోవద్దు గద" అంది. పత్తి మూట పక్కనపెట్టి, కుక్కను తానే పట్టుకుని నా గది దాకా వచ్చింది. కిటికీ ఊచకు కట్టి, నా ముఖం మీది మట్టి తన కొంగుతో తుడిచి, మళ్లీ పనికి పోయింది.

కొత్తగూడెంలో ఎముకల డాక్టరు ఆరు వారాలు పిండికట్టు వేశాడు. బొటనవేలు, చూపుడువేలు మాత్రం బయట ఉన్నాయి. ఆ రెండు వేళ్లతో నేను బతకాలి.

ఇల్లందు నుంచి అక్క వచ్చింది. బావ గనిలో పని, పిల్లల బడి, అన్నీ వదిలేసి తొమ్మిది రోజులు ఉంది. అన్నం కలిపి పెట్టింది. తల మీద నీళ్లు పోసింది. నలభై ఏళ్లు దగ్గరపడుతున్న తమ్ముడికి చేయవలసి వచ్చిన పనులన్నీ ముఖం పక్కకు తిప్పుకుని చేసింది. కుక్కంటే ఆమెకు భయం. కిటికీ అవతల నుంచి గిన్నె కర్రతో నెట్టేది.

"దీన్ని యాడన్న ఇడిసిపెట్టురా తమ్ముడూ. నీ చెయ్యి ఇంకోసారి ఇరిగితే ఎట్ల?"

"అది పోతే ఇంట్ల ఎవరుంటరక్కా?"

ఆమె చేతిలో కర్ర గోడకు ఆనించింది. తర్వాత అంది, "మా దగ్గరికి రమ్మని ఎన్నిసార్లు చెప్పిన."

"మీకున్నయి రెండర్రలు."

"అవ్" అంది. అబద్ధం చెప్పడం ఆమెకు రాదు. పదోరోజు పొద్దున బస్సెక్కింది. కిటికీ దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకుంది, బస్సు కదిలేదాకా నా వైపు చూడలేదు.

ఆ తర్వాతి రోజుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. టిఫిన్ సెంటర్ వాళ్లు ఇడ్లీ పంపేవారు. చెంచాను రబ్బరు బ్యాండుతో కట్టుకు తగిలించుకుని తినేవాణ్ణి. కుక్క కిటికీకే ఉంది. వరసలో వాళ్లెవరో గిన్నెలో ఏదో వేసేవారు, గొలుసు విప్పేవారు లేరు. అది ఏడ్చేది. అరుపు కాదు, లోపలి నుంచి ఒక సన్న కూత, ఆగకుండా. మూడో రోజు మధ్యాహ్నం ఇక వినలేక, మోకాళ్ల మీద కూర్చుని, గొలుసు కొక్కేన్ని పళ్లతో పట్టి వెనక్కి లాగాను. తుప్పు రుచి, బొచ్చు. కొక్కెం ఊడింది. అది ఒక్క క్షణం నన్ను చూసి, గోడ పక్కనుంచి చేల వైపు పరుగెత్తింది.

అప్పుడు గుర్తొచ్చింది, ఏ చేలోకి పంపించానో.

బొటనవేలితో ఫోను నొక్కి సబ్‌స్టేషన్‌లో డ్యూటీలో ఉన్నతనికి చేశాను.

"తమ్మీ, మన దిక్కు ఫీడర్ ఏమన్న ట్రిప్ అయిందా?"

"లేదన్నా. ఏంది, ఫిర్యాదొచ్చిందా?"

"ఏం లేదు. ఊకనే."

పది నిమిషాలకు మళ్లీ చేశాను. మళ్లీ చేశాను. తీగకు కుక్క తగిలితే ఫీడర్ పడిపోతుందని, అంటే ఆ లైనుకు కరెంటు దానంతటదే ఆగిపోతుందని, భరోసా ఏమీ లేదు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. అయినా అడగడానికి నాకు వేరే ఎవరూ లేరు. నాలుగోసారి అతనన్నాడు, "అన్నా, నువ్వు బాగనే ఉన్నవు గద? నేను రావాల్నా?" వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఇప్పటికీ అర్థం కాదు. రమ్మంటే వచ్చేవాడు.

గంట దాటాక అది తిరిగి వచ్చింది. ఒళ్లంతా పల్లేరు కాయలు, పత్తి పోగులు. నీళ్లు తాగి, మెట్టు మీద పడుకుని, ఏమీ జరగనట్టు కాలు నాక్కుంది. నేను గోడకు ఆనుకుని కూర్చుని, రెండు వేళ్లతో పల్లేర్లు ఒక్కొక్కటే తీశాను. చీకటి పడేదాకా పట్టింది.

కట్టు తీసిన వారం తిరక్కుండానే ఖమ్మం వెళ్లాను. పెంపుడు జంతువుల సామాను అమ్మే దుకాణంలో అతను ముందు, బొత్తాం నొక్కితే తాడు చుట్టుకునే పెట్టె చూపించాడు. తాడు బూటు లేసంత సన్నం. అది వేగంగా బయటికి పోయేటప్పుడు చేతికి తగిలితే కోస్తుంది. పైగా ఆపే బొత్తాం, పట్టుకునే పిడి రెండూ ఒకే చేతికి పని. పక్కన పెట్టేశాను. లాగితే మెడకు బిగిసే గొలుసు చూపించాడు. ఆ పుండు చూసినవాడెవడూ దాన్ని కొనడు. రంగురంగుల పట్టీలకు ప్లాస్టిక్ బకిళ్లు. ఒకదాన్ని కాలి కింద తొక్కి, రెండో కొస పట్టి లాగాను. బకిల్ కిర్రుమంది, పగల్లేదు కానీ నోరు తెరిచింది. కొక్కేలకు ఉన్న రింగులు చాలావరకు కడ్డీ వంచి చేసినవి, కొసలు కలిసేచోట సందు. వెల్డింగ్‌తో అతికించని రింగు ఏదో ఒకరోజు విప్పుకుంటుందని స్తంభాలు ఎక్కినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"గింత చూసేటోళ్లను చూడలే సార్" అన్నాడతను.

చివరకు ఛాతీకి వేసే బాడీ బెల్టు ఒకటి కొన్నాను. అది తలలోంచి వేసి, ఒక్కో కాలు ఎత్తి దూర్చి, పొట్ట కింద బకిల్ పెట్టాలి. గదిలో అరగంట పట్టింది. ప్రహరీ గేటు వేసి, దాన్ని నా వైపు లాగి చూశాను. అది వెనక్కి నడిచింది, తల దించింది, ముందు కాళ్లు మడిచింది, బెల్టు నా చేతిలో మిగిలింది. మన ఊరకుక్కల తల సన్నం, మెడ లావు. వెనక్కి జరిగితే చాలావాటి నుంచి బయటపడతాయి. గేటు వేసి పరీక్షించాను కాబట్టి సరిపోయింది. రోడ్డు మీద అయితే బొగ్గు టిప్పర్లు.

అక్క దగ్గరికి పోయినప్పుడు, ఇల్లందులో ఆటోలకు సీటు కవర్లు కుట్టే ఒకతన్ని బావ చూపించాడు. యాభై దాటిన మనిషి. రేకుల షెడ్డు, పెద్ద కుట్టుమిషను, గోడకు రెగ్జిన్ చుట్టలు. నేను కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్లాను. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, మెడ మొదట్లో చుట్టుకొలత, రొమ్ము ఎముక నుంచి కాళ్ల మధ్యగా పొట్ట దాకా. ప్రతిదానికీ రెండు వేళ్ల సందు కలిపి.

"కుక్కకు గింత ఎందుకన్నా?" అన్నాడు.

చెప్పాను. కరెంటు తీగలు, గొలుసు, వేళ్లు, అన్నీ. అంతసేపు ఒక మనిషితో ఎప్పుడు మాట్లాడానో గుర్తులేదు. అతను మిషను ఆపేసి విన్నాడు.

మా లైన్‌మన్‌లు వాడి పక్కన పడేసిన నడుము బెల్టు ఉంటే కోసి కుట్టవచ్చు కదా అన్నాడు. వద్దన్నాను. ఎండకూ వానకూ పాతబడ్డ నవారు పైకి బాగానే కనిపిస్తుంది, ఎప్పుడు తెగుతుందో చెప్పదు. కొత్త నైలాన్ నవారే తీసుకున్నాం, రెండు వేళ్ల వెడల్పు. మడతలు కలిసేచోట చదరంగా నాలుగు వైపులా కుట్టి, మధ్యలో గుణకారం గుర్తులా మళ్లీ కుట్టమన్నాను. రింగు అతుకు పెట్టినదే కావాలన్నాను.

బకిల్ దగ్గర ఇద్దరం ఆగిపోయాం. అతను కాసేపు ఆలోచించి, కార్ల సీటు బెల్టుకు పెట్టే కొత్త బకిల్ ఒకటి తీశాడు. నొక్కితే ఊడుతుంది, తోస్తే పడుతుంది. తర్వాత ఒక పని చేశాడు. తన కుడిచేతిని వీపు వెనక పెట్టుకున్నాడు. ఎడమచేత్తో బకిల్ బిగించడానికి ప్రయత్నించాడు. రాలేదు, పట్టుకోని సగం జరిగిపోయింది. మళ్లీ చేశాడు. అప్పుడు లేచి, గట్టి రెగ్జిన్‌ను రెండు మడతలు చేసి, బకిల్ ఒక సగాన్ని దాని మీద కదలకుండా కుట్టేశాడు. కుడిచెయ్యి మళ్లీ వీపు వెనక పెట్టి, ఎడమచేత్తో రెండో సగం తెచ్చి తోశాడు. టక్కుమంది.

"ఇగో, పడ్డది" అన్నాడు.

ఇన్నేళ్లలో నా కోసం తన చెయ్యి దాచుకుని చూసిన మనిషి అతనొక్కడే. చాయ్ తెప్పించాడు, తాగాం. నా నడుముకు కూడా ఒక పట్టీ కుట్టాడు, తుంటి మీదికి దిగి కూర్చునేలా, దానికీ అలాంటి బకిలే. కుక్క తాడు దానికే తగిలించాలి, ప్రమాదమైతే బొటనవేలితో నొక్కి విడిపించుకోవాలి. చెయ్యి ఊరికే తాడు మీద ఆనించి ఉంచడానికే తప్ప, మోయడానికి కాదు. మెడ పట్టీకీ బాడీ బెల్టుకూ మధ్య ఒక పొట్టి పట్టీ కూడా వేశాడు. ఒకటి జారినా రెండోది ఉంటుంది.

మొదటి వారం గేటు లోపలే నడిపించాను. తర్వాత చేల గట్టు మీదికి వెళ్లాం. కోతులు వచ్చాయి, అది ఉరికింది. నేను రెండడుగులు ముందుకు తూలి, మోకాళ్లు వంచి ఆగాను. తుంటి నొప్పి పెట్టింది. చెయ్యి చెయ్యిలాగే ఉంది. చేలో ఆ పెద్దావిడ చూసింది. దగ్గరికి వచ్చి, బెల్టు కింద రెండు వేళ్లు పెట్టి చూసింది, నేను చెప్పకుండానే.

"మంచిగున్నది" అంది. "నిన్ను కూడ కట్టిండ్రు గద బిడ్డా."

కుక్కతో తన భాషలో రెండు మాటలు మాట్లాడి పోయింది. నాతో మాట్లాడిన దానికన్నా దానితోనే ఎక్కువ మాట్లాడింది.

ఏడాదికి పైగా ఆ బెల్టు పనిచేసింది. ప్రతి ఆదివారం కుట్లు వేలితో తడిమి చూసేవాణ్ణి. ఛాతీ కింద రాపిడికి నవారు పోగులు లేస్తుంటే, అది తెగకముందే కొత్తది కుట్టించాలని ఇల్లందు వెళ్లాను. షెడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. సీటు కవర్ల మనిషి ఏమయ్యాడని అడిగితే, ఖాళీ చేసి పోయాడన్నారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఫోను నంబరు నేనెప్పుడూ అడగలేదు. రోజంతా నంబర్లు రాసుకునే మనిషిని, అది ఒక్కటి రాసుకోలేదు. బస్‌స్టాండ్‌లో చాలాసేపు కూర్చున్నాను. అక్క ఇంటికి కూడా పోకుండా వచ్చేశాను.

కొత్త బెల్టు నేనే కుట్టుకున్నాను. పాతదాన్ని విప్పి ముక్కల కొలత చూసి, బకిళ్లు, రింగు మాత్రం బాగా పరీక్షించి ఉంచుకుని, నవారు కొత్తది తెచ్చాను. నవారును కాలివేళ్లతో నొక్కిపెట్టి, చెప్పులు కుట్టే దబ్బనంతో, మైనం రాసిన దారంతో కుట్టాను. మూడు ఆదివారాలు పట్టింది. కుట్లు వంకర. ఒకచోట నచ్చక విప్పి మళ్లీ వేశాను. కుక్క ఎదురుగా పడుకుని చూసేది, దబ్బనం కాలికి గుచ్చుకుని నేను అమ్మా అంటే తల ఎత్తేది. "ఏం లేదే, పడుకో" అనేవాణ్ణి. ఆ మూడు ఆదివారాల్లో నేను పలికిన మాటలు దాదాపు అవే.

అయ్యాక, దాని ఒక కొస గేటు కడ్డీకి తగిలించి, రెండో కొస నా నడుముకు తగిలించుకుని, ఒళ్లంతా బరువేసి వెనక్కి వాలాను. మూడుసార్లు వాలాను. ఎదురింటి ఆమె బియ్యం చెరుగుతూ చూసింది. కుట్లు కదల్లేదు. అప్పుడు కుక్కకు వేశాను. టక్కుమని పడింది. సన్నగా ముసురు పడుతోంది. గేటు తీసి, తాడు మీద చెయ్యి ఊరికే ఆనించి, ఇద్దరం చివరి ఇల్లు దాటాం. చేలల్లో ఆ పూట ఎవరూ లేరు.